టీకాలకు చక్కగా పనికొస్తుంది, మందులకు మన దగ్గర తేదీలు లేవు: ఎస్‌సిసిఎస్ ప్యాకేజీ సమీక్ష

ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌కు అనుబంధంగా దొరికే ఎస్‌సిసిఎస్ ప్యాకేజీని, శ్రీకాకుళంలో ఫార్మ్.డి. విద్యార్థులకు ఔషధ భద్రత పాఠాలు చెప్పడంలో భాగంగా, కొంతకాలంగా వాడుతున్నాను. టీకా వేయించాకనో, మందు మొదలుపెట్టాకనో ఒకరికి జబ్బు చేసినప్పుడు ఆ రెంటికీ సంబంధం ఉందా లేదా అని తేల్చడానికి, ఆ మనిషిని మరొకరితో కాక, ఆ మనిషి జీవితంలోనే ఉన్న వేరే రోజులతో పోల్చి చూసే అధ్యయన పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన సెల్ఫ్ కంట్రోల్డ్ కేస్ సిరీస్ (ఎస్‌సిసిఎస్) పద్ధతి మొత్తాన్ని, దాని కొమ్మలతో సహా, ఈ ప్యాకేజీ మన చేతికి ఇస్తుంది. దీన్ని రాసినవారు యోనాస్ వెల్దెసెలాస్సీ, హెదర్ విటేకర్, ప్యాడీ ఫారింగ్‌టన్. పద్ధతికి ఆద్యుడైన ఫారింగ్‌టనే పనిముట్టు తయారీలోనూ చెయ్యి వేయడం వల్ల, సిద్ధాంతంలో ఉన్న జాగ్రత్తలు ప్రోగ్రాములోకి వచ్చేసరికి జారిపోలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాల్లో టీకాల భద్రతను పరిశీలించదలచిన వైద్య, ఫార్మసీ కళాశాలలవారు ఈ ప్యాకేజీని నిస్సంకోచంగా నేర్చుకోవచ్చు, ఎందుకంటే దీనికి కావలసిన ముడిసరుకు, అంటే సరైన తేదీ, టీకాల విషయంలో మన పల్లెల్లో కూడా దొరుకుతుంది. మందుల విషయంలో మాత్రం అదే మాట చెప్పలేను. లోపం ప్యాకేజీలో కాదు, మనం మందులు కొనే తీరులోనూ, రాసిపెట్టుకోని అలవాటులోనూ ఉంది.

టీకా వేయించుకున్నవారిని, వేయించుకోనివారిని పక్కపక్కన పెట్టి పోల్చడం అందరికీ తట్టే మార్గం. కానీ మన జిల్లాల్లో టీకా అందని పిల్లలు ఎవరో ఒకసారి ఆలోచించాలి. సీతంపేట వైపు కొండ మీది గూడేల్లో ఉండేవారు, ఇటుక బట్టీల పనికి తల్లిదండ్రులతో కలిసి వలసపోయినవారు, పుట్టినప్పుడే బరువు తక్కువై నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగినవారు వీరిలో ఎక్కువ. తిండిలో, తాగే నీటిలో, ఆసుపత్రికి ఉన్న దూరంలో వీరికీ, వేళకు టీకాలు పడిన పిల్లలకూ పోలికే లేదు. ఆ తేడాలను గణితంతో సర్దుదామంటే, ముందు వాటిని కొలిచి ఉండాలి, కొలిచినవారు లేరు. బిడ్డను తనతోనే పోల్చినప్పుడు ఈ చిక్కు ఉండదు. వంశపారంపర్యంగా వచ్చిన లక్షణం, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది, కుటుంబ ఆర్థిక స్థితి, ఊరు, ఇవన్నీ ఆ బిడ్డకు టీకా పడిన వారంలోనూ, పడని వారంలోనూ ఒకటే కనుక లెక్కలోంచి వాటంతట అవే కొట్టుకుపోతాయి. పైగా జబ్బు చేసినవారి వివరాలు ఉంటే చాలు. జబ్బు చేయని వేలాది మంది వివరాలు సేకరించనక్కరలేదు. చిన్న జిల్లాలో, చిన్న బడ్జెట్‌తో పనిచేసేవారికి ఇది ఎంత పెద్ద వెసులుబాటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆలోచన మొదట రూపం దిద్దుకున్నది గుండెపోటుకు తక్షణ కారణాలను వెతికే సందర్భంలో. 1991లో మాల్కం మెక్లూర్, జబ్బు వచ్చే ముందరి ఘడియలను అదే మనిషి వేరే సమయాలతో పోల్చే కేస్ క్రాసోవర్ పద్ధతిని ప్రతిపాదించారు. 1995లో ఫారింగ్‌టన్ టీకాల కోసం ఎస్‌సిసిఎస్ పద్ధతిని ప్రచురించారు. డెన్మార్క్‌లో యెస్పర్ హల్లాస్ 1996లో, రెండు మందుల చీటీలలో ఏది ముందు, ఏది వెనక అన్న క్రమాన్ని బట్టి దుష్ఫలితాన్ని పసిగట్టే మార్గం చూపారు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవే అయినా, ఈ ప్యాకేజీ వాటిలో ఎస్‌సిసిఎస్ ఒక్కదానికే పరిమితం.

ప్యాకేజీతో పాటు వచ్చే నమూనా పట్టికల్లో ఏఎండాట్ అనేది చాలా చిన్నది. తరగతిలో నేను ఎప్పుడూ దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని కంప్యూటర్ లేకుండా నల్లబల్ల మీద కూడా చదవవచ్చు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో 1988 నుంచి 1991 మధ్య మెదడు పొరల వాపుతో ఆసుపత్రిలో చేరిన పదిమంది పిల్లల వివరాలు అందులో ఉన్నాయి. ప్రతి బిడ్డకూ ఒకే వరుస: పరిశీలన మొదలైన వయసు 366 రోజులు, ముగిసిన వయసు 730 రోజులు, జబ్బు చేసిన రోజు, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా పడిన రోజు. ఒక బిడ్డకు 392వ రోజున టీకా పడింది, 413వ రోజున జబ్బు చేసింది. నడుమ 21 రోజులు. ఇంకొకరికి 428వ రోజున టీకా పడితే 700వ రోజున జబ్బు చేసింది. మరొకరికి 398వ రోజుకే జబ్బు చేసి, ఆ తరువాత 458వ రోజున టీకా పడింది. టీకా కంటే ముందే జబ్బు చేసిన బిడ్డను పట్టికలో ఎందుకు ఉంచారని విద్యార్థులు అడుగుతారు. అటువంటి బిడ్డలను తీసేస్తే టీకా తరువాతి జబ్బులే మిగులుతాయి, అప్పుడు నేరం టీకా మీదకు పోక తప్పదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే పద్ధతిలో సగం అర్థమైనట్టే.

టీకా పడిన 15వ రోజు నుంచి 35వ రోజు వరకు, అంటే 21 రోజులను ప్రమాద కాలంగా, అంటే టీకా వల్ల జబ్బు వచ్చే అవకాశం ఉందని అనుమానించే రోజులుగా తీసుకున్నారు. ఏడాది పరిశీలనలో 21 రోజులంటే నూటికి ఆరు రోజుల లోపే. జబ్బుకు టీకాతో సంబంధం లేకపోతే పదింటిలో సగటున ఒక్కటి కూడా ఆ రోజుల్లో పడదు. అయిదు పడ్డాయి. వయసు ప్రభావాన్ని కూడా లెక్కలో చేర్చి నడిపితే, ఆ రోజుల్లో జబ్బు వచ్చే రేటు మిగతా రోజులకంటే 12.04 రెట్లు అని, 95 శాతం విశ్వాస అవధి (అసలు విలువ ఉండగలదని నమ్మదగిన హద్దులు) 3.00 నుంచి 48.26 వరకు అని ప్యాకేజీ చెబుతుంది. పదిమందితో వచ్చిన సమాధానం కనుక అవధి చాలా విశాలంగా ఉంది, అయినా దాని కింది అంచు ఒకటికి, అంటే ఏ తేడా లేదనే అంకెకు, దూరంగానే ఉంది. ఆ టీకాలో గవదబిళ్లలకు వాడిన యురాబె రకం వైరస్ మీద వచ్చిన అనుమానం ఇలాంటి ఆధారాలతో బలపడింది. 1992లో బ్రిటన్ ఆ రకం టీకాల వాడకాన్ని ఆపివేసింది. ఇది చదివి తల్లిదండ్రులెవరూ కలవరపడనవసరం లేదు. మన ప్రభుత్వ కార్యక్రమంలో పిల్లలకు వేసేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, అందులో గవదబిళ్లల వైరస్ అసలే ఉండదు.

అదే పట్టికలో పదో బిడ్డను చూడండి. జబ్బు చేసింది 399వ రోజున, టీకా పడింది 716వ రోజున. ప్రమాద కాలం 731వ రోజున మొదలు కావాలి, కానీ పరిశీలన 730తోనే ముగిసింది. అంటే ఈ బిడ్డకు ప్రమాద కాలమే లేదు. టీకా ప్రభావం గురించి ఈ బిడ్డ నేరుగా ఏమీ చెప్పదు, ఏ వయసులో ఈ జబ్బు ఎక్కువ అన్న విషయంలో మాత్రం సాక్ష్యం ఇస్తుంది. ప్యాకేజీ ఈ సూక్ష్మాన్ని తనంతట తానే సరిగ్గా సర్దుకుంటుంది. చేత్తో లెక్క కట్టేవారు చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

వాడుక విషయానికి వస్తే, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఒకసారి ఇంటర్నెట్‌తో దించుకుంటే, తరువాత కనెక్షన్ లేకుండానే పనిచేస్తుంది; మారుమూల పీహెచ్‌సీ గదిలో కూర్చుని కూడా నడపవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. స్టాండర్డ్ ఎస్‌సిసిఎస్ అనే ప్రధాన ఫంక్షన్‌కు వ్యక్తి సంఖ్య, పరిశీలన మొదలు, ముగింపు, జబ్బు రోజు, టీకా రోజు, ప్రమాద కాలం హద్దులు, వయసు విభజన చెబితే సమాధానం క్షణాల్లో వస్తుంది. అయితే తేదీలను తేదీలుగా ఇస్తే అది ఒప్పుకోదు. ప్రతి తేదీనీ పుట్టిన రోజు నుంచి లెక్కించిన వయసుగా, రోజుల్లో, పూర్ణాంకంగా మార్చి ఇవ్వాలి. ఎక్సెల్‌లో రోజు, నెల తారుమారైన ఒక్క గడి మొత్తం లెక్కను పాడుచేస్తుంది, ప్యాకేజీ మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వకుండా సమాధానం చెప్పేస్తుంది. ఈ మార్పిడికి ఒక చిన్న సహాయక ఫంక్షన్, దానితో పాటు జబ్బు రోజు పరిశీలన కాలం బయట పడిందని ముందే చెప్పే ఒక తనిఖీ చేర్చి ఉంటే ఎంతో మేలు జరిగేది. ఒకే వ్యక్తికి రెండు మూడు డోసులు ఉన్నప్పుడు వాటిని వరుసలుగా పేర్చాలా, నిలువు గడులుగా పేర్చాలా అన్నది కూడా మనమే చెప్పాలి; అది తప్పితే వచ్చే లోప సందేశాలు కొత్తవారికి ఏమాత్రం బోధపడవు. బొమ్మల తెర లేదు, అన్నీ టైపు చేయవలసిందే. సహాయ పత్రాలన్నీ ఇంగ్లిషులోనే, అదీ గణాంకం చదివినవారికి తగిన ఇంగ్లిషులో ఉన్నాయి.

ఈ ఇబ్బందులన్నీ ఓర్చుకోదగినవే అని నేను అనడానికి కారణం రోటా వైరస్ టీకా. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. 2016లో ఈ టీకాను దేశంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లతో పాటు మనదీ ఒకటి. నోట్లో వేసే ఆ చుక్కల మందు హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో మూడు డోసులు వేస్తారు. దీనికి చాలా ఏళ్ల ముందు అమెరికాలో రోటాషీల్డ్ అనే వేరే టీకా 1998లో అనుమతి పొంది, పేగులో పేగు చొచ్చుకుపోయే జబ్బు కేసులు బయటపడడంతో 1999లో మార్కెట్ నుంచి తొలగిపోయింది. 2001లో ప్రచురితమైన పరిశోధనలో, మొదటి డోసు పడిన 3 నుంచి 14 రోజుల మధ్య ఆ జబ్బు రేటు 29.4 రెట్లని తేలింది. అందువల్ల ఆ తరువాత వచ్చిన ప్రతి రోటా టీకానూ ఇదే ప్రశ్నతో పరీక్షించవలసి వచ్చింది.

ఇక్కడ వయసు చేసే మాయ చాలా పెద్దది. పేగు చొచ్చుకుపోవడం టీకా లేకపోయినా పసిపిల్లలకు వచ్చే జబ్బే. మొదటి రెండు నెలల్లో అరుదు, నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల మధ్య ఎక్కువ. మూడో డోసు పడేది మూడు నెలలు నిండే వేళకు. ఆ తరువాతి వారాల్లో కేసులు పెరగడం సహజంగానే జరుగుతుంది, తల్లి కంటికి మాత్రం చుక్కల మందు తరువాతే జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే వయసును ముతకగా రెండు ముక్కలు చేసి వదిలేయకుండా, సన్నని ముక్కలుగా విభజించి లెక్కలో పెట్టాలి. ముక్కలు చేయడమే ఇష్టం లేకపోతే వయసు ప్రభావాన్ని నున్నని వక్రంగా గీసే ఫంక్షన్ కూడా ప్యాకేజీలో ఉంది. నేను వాడినంతలో చిన్న సంఖ్యలతో అది తడబడింది, వందల్లో కేసులు ఉన్నప్పుడు బాగా పనిచేసింది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఒకసారి పేగు చొచ్చుకుపోయిన బిడ్డకు రోటా టీకా వేయకూడదని నియమం. అంటే జబ్బు ముందే వస్తే టీకా ఇక పడదు. అప్పుడు టీకా పడినవారిలో, టీకాకు ముందు జబ్బు చేసినవారు కనిపించకుండా పోతారు. పోలిక రోజులు కృత్రిమంగా ఖాళీ అయి, టీకా తరువాతి రోజులు లేని బరువును మోస్తాయి. ప్రధాన ఫంక్షన్‌కు ఈ పట్టికను ఇస్తే నిర్దోషి అయిన టీకాను కూడా దోషిగా చూపే ప్రమాదం ఉంది. దీనికి ఫారింగ్‌టన్, విటేకర్, ఓసీన్ కలిసి 2009లో ఒక సవరణ ప్రతిపాదించారు. అది ఈవెంట్‌డిపెన్‌ఎక్స్‌ప్ అనే వేరే ఫంక్షన్‌గా ప్యాకేజీలో ఉంది. కృత్రిమంగా సృష్టించిన సమాచారంతో, టీకా ప్రభావం ఏమీ లేదని మనమే నిర్ణయించి, రెండు ఫంక్షన్లనూ పక్కపక్కన నడిపి చూడవచ్చు. మొదటిది లేని ప్రమాదాన్ని చూపడం, రెండోది ఒకటి దగ్గరకు రావడం విద్యార్థులు తమ కళ్లతో చూస్తారు. అలాంటి సమాచారాన్ని సృష్టించే ఫంక్షన్ కూడా ప్యాకేజీలోనే ఉండడం ఉపాధ్యాయులకు వరం.

మన దేశంలో రోటావాక్ మీద ఈ పద్ధతిలో జరిగిన పెద్ద అధ్యయనం 2020లో వెలువడింది. 2016 ఏప్రిల్ నుంచి 2019 జూన్ వరకు పేగు చొచ్చుకుపోయిన 970 మంది పసిపిల్లలను నమోదు చేసి, వారిలో 589 మందిని ఎస్‌సిసిఎస్ విశ్లేషణలోకి తీసుకున్నారు. మొదటి డోసు తరువాతి 21 రోజుల్లో రేటు 0.83 రెట్లు, విశ్వాస అవధి 0.00 నుంచి 3.00. ప్రమాదం పెరిగినట్టు ఆధారం లేదన్నది ఫలితం. దీన్ని నేను ఎంతో ఊరటతో చదివాను, కానీ పై అంచు మూడు దాకా వెళ్లడాన్ని కూడా విద్యార్థులకు చూపిస్తాను. అంత చిన్న వయసులో ఈ జబ్బు సహజంగానే అరుదు కనుక కేసులు తక్కువై, అవధి వెడల్పయింది. రోటాషీల్డ్ స్థాయి ప్రమాదం ఉండి ఉంటే ఈ లెక్కకు చిక్కకుండా పోయేది కాదు.

ఇలాంటి అధ్యయనంలో మన జిల్లా పాలు పంచుకోవాలంటే ఏం కావాలో చూద్దాం. టీకా తేదీ తల్లీబిడ్డల కార్డులో ఉంటుంది. పుట్టింట్లో కాన్పు, తొలి డోసులు అక్కడి ఏఎన్‌ఎం చేతి మీదుగా, తరువాతివి అత్తవారి ఊళ్లో పడడం మన దగ్గర మామూలే. అయినా కార్డు బిడ్డతో పాటే ప్రయాణిస్తుంది. సిరా అలుక్కుపోయి, మూలలు నలిగి, నూనె మరకలు పడిన కార్డుల్లో కూడా డోసు గడిలో రోజు, నెల, సంవత్సరం విడివిడిగా చదవగలిగిన సందర్భాలే ఎక్కువ. బుధవారం, శనివారం టీకాల రోజులు కనుక, చదవలేని అంకెను క్యాలెండరుతో సరిచూసుకునే వీలు కూడా ఉంది. ఇంత మంచి రికార్డును నిలబెట్టిన ఏఎన్‌ఎంలకూ, ఆశా కార్యకర్తలకూ పరిశోధకులు రుణపడి ఉన్నారు.

జబ్బు తేదీ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. టీకా తరువాత దుష్ఫలితం అని వచ్చిన ఫిర్యాదుల నుంచి కేసులు తీసుకోవడం సులువుగా కనిపిస్తుంది, కానీ అది ఈ పద్ధతిని మొదట్లోనే చెడగొడుతుంది. టీకా పడిన మూడో రోజున జబ్బు చేస్తే ఎవరైనా ఫిర్యాదు చేస్తారు. మూడో నెలలో చేస్తే టీకా గుర్తుకే రాదు. అలా చేరిన కేసుల్లో ప్రమాద కాలం ఎప్పుడూ నిండుగా, పోలిక కాలం ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. కేసులు వార్డు రిజిస్టరు నుంచి, ఆపరేషన్ థియేటర్ పుస్తకం నుంచి, టీకా ఊసు ఎత్తకుండా ఏరుకోవాలి, ఆ తరువాతే కార్డు అడగాలి. మన పిల్లల కేసులు కొన్ని విశాఖపట్నం కేజీహెచ్‌కు, ఇచ్ఛాపురం వైపువి సరిహద్దు దాటి బరంపురానికి వెళతాయి కనుక ఆ రిజిస్టర్లూ చూడవలసిందే. ఈ పని ప్యాకేజీ చేసిపెట్టదు.

రుతువుల ప్రభావాన్ని లెక్కలో చేర్చే సౌకర్యం ఇందులో ఉంది, అది మనకు చాలా అవసరం. ఎంఎంఆర్ తరువాత అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు వస్తుందని ఇతర దేశాల్లో తెలిసిన విషయమే, దానికి సంబంధించిన పట్టికా నమూనాల్లో ఉంది. మన కోస్తాలో వానలు పడ్డాక డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోవడం ఏటా చూస్తున్నదే. ఆ నెలల్లోనే ఎక్కువమందికి టీకా పడి ఉంటే డెంగీ చేసిన పని టీకా ఖాతాలో పడుతుంది. పుట్టిన తేదీ, రుతువుల హద్దులు ఇస్తే ప్యాకేజీ రెంటినీ విడదీస్తుంది.

ఇక మందులు. ఈ ప్యాకేజీ మందులకు పనికిరాదని కాదు. మానసిక వ్యాధుల మందులు, పక్షవాతం మీద బ్రిటన్‌లో 2008లో వచ్చిన ఎస్‌సిసిఎస్ అధ్యయనం, మందు వాడుతున్న రోజుల్లో పక్షవాతం రేటు 1.73 రెట్లని, మతిమరుపు వ్యాధి ఉన్నవారిలో 3.50 రెట్లని చూపింది. అక్కడ ప్రతి కుటుంబ వైద్యుని చీటీ కంప్యూటర్‌లో ఉంటుంది. అంత మంచి రికార్డు ఉన్నచోట కూడా పద్ధతి ఎంత జాగ్రత్తగా వాడాలో సిగరెట్ మానడానికి ఇచ్చే నికోటిన్ మందుల ఉదాహరణ చెబుతుంది. 2005 నాటి ఆ అధ్యయనంలో గుండెపోట్లు మందు రాయడానికి ముందరి వారాల్లోనే పెరిగాయి, తరువాత కాదు. గుండెపోటు వచ్చినందువల్లే సిగరెట్ మానమని డాక్టరు మందు రాశారు. మందుకు ముందరి రోజులను విడిగా ఒక కాలంగా పెట్టి చూడకపోతే ఈ నిజం బయటపడదు. ఆ సమాచారపు నమూనా కూడా ప్యాకేజీలో ఉంది, తరగతిలో తప్పక చూపవలసినది.

మా విద్యార్థులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: ఉద్దానంలో కిడ్నీ జబ్బుకూ, నొప్పి మాత్రలకూ ఉన్న సంబంధాన్ని దీనితో తేల్చలేమా? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చినవారికి అది పరీక్ష కోసం అడిగే ప్రశ్న కాదు. ఇంట్లో ఎవరో ఒకరు పలాస కిడ్నీ ఆసుపత్రికి డయాలసిస్ కోసం తిరుగుతున్నవారు అడుగుతారు. నేను చెప్పే సమాధానం వారికి నిరాశ కలిగిస్తుంది, అయినా చెప్పక తప్పదు. ఈ పద్ధతి ఫలానా రోజున మొదలైందని చెప్పగలిగే జబ్బులకే చెల్లుతుంది. మూర్ఛ, పక్షవాతం, పేగు చొచ్చుకుపోవడం, కడుపులో రక్తస్రావం అటువంటివి. ఉద్దానం కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ముదిరేది. క్రియాటినిన్ పరీక్ష చేయించిన రోజు జబ్బు తెలిసిన రోజే తప్ప జబ్బు వచ్చిన రోజు కాదు. నొప్పి మాత్ర కూడా ఏళ్లుగా అడపాదడపా వేసుకునేదే. పైగా నడుము నొప్పి, ఒళ్లు నొప్పులు మొదలయ్యాకే మాత్ర వేసుకుంటారు కనుక ఏది ముందో, ఏది వెనకో తెలియదు. అలాంటి సమాచారాన్ని ఇందులో పోసినా ఏదో ఒక అంకె వస్తుంది, ఆ అంకె పట్టుకుని ఒక ఊరి జనానికి ఏదైనా చెప్పడం అన్యాయం. అదే మాత్ర తరువాత ఆకస్మికంగా కిడ్నీ దెబ్బతినడం, లేదా నల్లగా విరేచనమై ఆసుపత్రిలో చేరడం అయితే పద్ధతి సరిగ్గా సరిపోతుంది. కానీ మాత్ర ఏ రోజున వేసుకున్నారు? మెడికల్ షాపులో చీటీ లేకుండా నాలుగు మాత్రలు కత్తిరించి, కాగితంలో చుట్టి ఇస్తారు. ఆర్‌ఎంపీ వేసిన సూదిమందు పేరు రోగికి తెలియదు, తేదీ అంటే సంక్రాంతి ముందో, చోడవరం సంత వారమో అని చెబుతారు. ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయితే ప్రమాద కాలమే మారిపోయే లెక్కలో ఈ జ్ఞాపకం నిలబడదు.

అందుకే ఈ సమీక్ష చదివే ఫార్మసిస్టులను ఒకటి కోరుతున్నాను. భారత ఔషధ భద్రతా కార్యక్రమం దుష్ఫలితాల నమోదు పత్రంలో మందు మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, లక్షణం కనబడిన తేదీ రాయడానికి విడివిడిగా చోటు ఉంది. రోగులు స్వయంగా నింపే పత్రం తెలుగులో కూడా దొరుకుతుంది, 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. ఆ మూడు గడులను ఖాళీగా వదలకండి. ఒక్క పత్రం మీద ఎస్‌సిసిఎస్ నడవదన్నది నిజమే, ఫిర్యాదుల సమాచారానికి ఉన్న లోపం పైన చెప్పాను. కానీ తేదీ రాసే అలవాటు అక్కడే మొదలవుతుంది.

జబ్బుతో మరణించినవారి విషయంలో పరిశీలన కాలం జబ్బు వల్లే తెగిపోతుంది, అది పద్ధతి మూల నియమాల్లో ఒకదానికి విరుద్ధం. దానికీ ఈవెంట్‌డిపెన్‌ఆబ్స్ అనే వేరే ఫంక్షన్ ఉంది. అది నాలుగు రకాల గణిత నమూనాలను పోల్చి చూపుతుంది, ఎంచుకోవడం గణాంక నిపుణుల సాయం లేకుండా సాధ్యం కాదని నా అనుభవం.

ఇదే పద్ధతికి ఇంకా పనిముట్లు ఉన్నాయి. ఓహెచ్‌డీఎస్ఐ అనే అంతర్జాతీయ పరిశోధకుల బృందం వారి ప్యాకేజీ కోట్ల రికార్డుల మీద పనిచేయగలదు, కానీ సమాచారమంతా వారి నిర్ణీత డేటాబేస్ నమూనాలో ఉండాలి. మన ఆసుపత్రుల కాగితపు రిజిస్టర్లకు అది అందని మెట్టు. స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్ వాడేవారు లైసెన్సుకు డబ్బు కట్టాలి. మన స్థితికి ఎస్‌సిసిఎస్ ప్యాకేజీయే తగినది.

మొదలుపెట్టేవారు అన్నిటికంటే ముందు నమూనా పరిమాణం, అంటే ఎన్ని కేసులు కావాలో, చెప్పే ఫంక్షన్ నడపాలి. ఏడాది పరిశీలనలో 21 రోజుల ప్రమాద కాలం, 80 శాతం పవర్ (ప్రమాదం నిజంగా ఉంటే దాన్ని పట్టుకోగల అవకాశం), వయసు ప్రభావం లేదనుకుంటే, పది రెట్ల ప్రమాదాన్ని పట్టుకోవడానికి టీకా పడిన పదిమంది కేసులు ఉంటే దాదాపుగా చాలు. రెండు రెట్ల ప్రమాదం అయితే రెండు వందలకు పైగా కావాలి. అరుదైన జబ్బుకు అన్ని కేసులు శ్రీకాకుళం ఒక్కటే ఇవ్వలేదు. విజయనగరం, పార్వతీపురం మన్యం, విశాఖపట్నం ఆసుపత్రులతో ఒకే నమోదు పత్రం మీద ముందే ఒప్పందానికి వచ్చి, కేసు నిర్వచనం, పరిశీలన మొదలు, ముగింపు తేదీలు రాసిపెట్టుకున్న తరువాతే రిజిస్టరు తెరవాలి.